చల్లినవి, ఏరినవి

మూడో తేదీ, మంగళవారం

డైరీ రాసే అలవాటు నాకు లేదు. లాడ్జి వాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చింది ఇన్నాళ్ళూ బీరువాలో చీరల కింద పడి ఉంది. ఈ రోజు తీయడానికి కారణం అన్నయ్య ఫోను. ఇరవై రెండో తేదీ ఆదివారం కారు తీసుకుని వస్తాడట. చూపు లేనివాళ్ళను చూసుకునే హోమ్ ఒకటి చూశాడట. మంచి గాలీ వెలుతురూ ఉన్న చోటట. చూపు లేనివాళ్ళకు వెలుతురెందుకని అడగబోయి ఊరుకున్నాను.

"రోజూ చూసేదానివి నువ్వు. నువ్వు పనికి పోయాక అక్క ఒక్కతీ ఉండగలదా, లేదా? నువ్వేం చెబితే అదే" అన్నాడు.

అంటే మంచైనా చెడైనా నా నెత్తికే. అక్క మాత్రం ఉండగలనంటోంది. చూపు పూర్తిగా పోయి ఇంకా ఏడాది కాలేదు. బడిలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం పోయింది కానీ ఇంట్లో పాఠాలు మానలేదు. ఈ ఇల్లు వదిలి ఎక్కడికైనా వెళ్తే ఆ పాఠాలు కూడా పోతాయని దాని భయం. ఆ మాట నోటితో అనదు. నాకు తెలుసు.

అందుకని చూసింది చూసినట్టు రాసుకుందామనుకున్నాను. అప్పుడు అన్నయ్యకు నిజం చెప్పినట్టవుతుంది.

రాస్తుంటే అక్క ఎదురుగానే కూర్చుని ఉంది.

"ఏం రాస్తున్నావే?"

"దుప్పట్ల లెక్క."

లాడ్జిలో నా పని అదే కాబట్టి నమ్మింది. మనిషి ముఖం ముందు కూర్చుని ఇంత హాయిగా అబద్ధమాడొచ్చని ఇవాళే తెలిసింది.

ఇక చూసింది. సాయంత్రం వచ్చేసరికి హాల్లో నేల మీద కోటు బొత్తాలు పడి ఉన్నాయి. వంటింటి గుమ్మం దగ్గర గోనెసంచి ముక్క. బాత్‌రూమ్ ముందు గోడవారగా అమ్మ నాటి ఇత్తడి మూత, బోర్లించి. చూపు పోగానే కాలికి తగిలేవన్నీ నేనే తీసేశాను. టీపాయ్, బెంచీ, చాప, అమ్మ కుర్చీ, అన్నీ. ఇప్పుడు హాల్లో బంతి ఆడుకోవచ్చు. అంత శుభ్రంగా ఉంచిన ఇంట్లో ఇవెక్కడివి? మాట్లాడకుండా అన్నీ ఏరి ఎక్కడివక్కడ పెట్టేశాను. అడిగితే బాధపడుతుంది.

నాలుగో తేదీ, బుధవారం

లిఫ్టు మెకానిక్ పాఠానికి వచ్చాడు. కంపెనీ వాళ్ళు పరీక్ష ఇంగ్లీషులో పెడతారట. నలభై దాటిన మనిషి, అక్క ముందు మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంటాడు. అక్కకు కనపడదని తెలిసినా సరే.

ఇవాళ్టి మాట స్ట్రూ.

"చల్లడం అనుకో, వెదజల్లడం అనుకో, చిందరవందరగా పడేయడం అనుకో" అంది అక్క. "కాని ఒట్టి స్ట్రూ అని ఊరుకోకూడదు. ఏం చల్లావు, దేని మీద చల్లావు? రెండూ ఉంటేనే ఆ మాటకు నిండుదనం. ఏదీ, ఒక వాక్యం చెప్పు."

"నా భార్య నా స్పానర్లు స్ట్రూ చేసింది మేడమ్."

"ఎక్కడ?"

"ఇల్లంతా మేడమ్. ఏరుకునేసరికి ఆదివారం అయిపోయింది."

"ఆవిడ పడేసిందా, నువ్వు పడేశావా?"

"పడేసింది నేనేననుకోండి. వాక్యంలో మాత్రం ఆవిడే."

అక్క పడీ పడీ నవ్వింది. వంటింట్లో నాకూ నవ్వొచ్చింది. అలా నవ్వే మనిషికి బుర్రలో ఏమైనా తేడా ఉంటుందా? ఉండదు. తర్వాత గొంతు బాగా పెంచి రంపపుపొట్టు గురించి ఏదో చెప్పింది. పాలు పొంగాయి, సరిగ్గా వినలేదు.

ఇవాళ కూడా బొత్తాలు, గోనె ముక్క, మూత. ఏరేశాను.

ఆరో తేదీ, శుక్రవారం

మళ్ళీ.

ఎనిమిదో తేదీ, ఆదివారం

సెలవు. రోజంతా ఇంట్లోనే ఉన్నాను. నేల మీద ఒక్క పుల్ల పడలేదు.

అంటే నేను లేనప్పుడే ఇలా చేస్తోంది. నేనుంటే బాగుంటుంది. ఒంటరిగా ఉన్నప్పుడే మనసు పట్టు తప్పుతోందన్నమాట. 

నిన్న లాడ్జిలో ఇస్త్రీ ఆయనతో ఎవరి సంగతో అన్నట్టు చెప్పాను. పెట్టె పక్కన పెట్టి మరీ అన్నాడు: "మా అత్తగారూ ఇలాగే మొదలెట్టిందమ్మా. ముందు గిన్నెలు మంచం కింద దాచింది. తర్వాత నన్నే గుర్తుపట్టడం మానేసింది. పోనీలే, అదొక్కటే నాకు కాస్త కలిసొచ్చింది."

ఆయన నవ్వాడు. నేను దిండు గలీబులు తప్పు మడతపెట్టి మళ్ళీ విప్పాను.

అక్కనే అడగొచ్చు. కానీ మా ఇంట్లో అడగడం లేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా అమ్మ అడిగితే పెట్టేది కాదు. "నోరు తెరిచి అడిగావు కదా, ఇక దాన్ని మర్చిపో" అనేది. అలా ముగ్గురం మూతులు కుట్టుకుని పెరిగాం. అక్క తనకు చూపు తగ్గుతోందని కూడా మాకు చెప్పలేదు. పిల్లల పేపర్లు దిద్దడానికి ఆలస్యమవుతోందని హెడ్మాస్టర్ ఫోన్ చేస్తే తెలిసింది.

తొమ్మిదో తేదీ, సోమవారం

అన్నయ్య మళ్ళీ ఫోను. "ఎలా ఉందే?" అన్నాడు.

"బాగానే ఉంది" అన్నాను. ఆపితే పోయేది. "కాకపోతే కొంచెం, వస్తువులు నేల మీద పడేస్తోంది."

"చూశావా, నేను అనుకున్నాను" అన్నాడు.

ఏమనుకున్నాడో అడగలేదు. నేను అబద్ధం చెప్పలేదు. ఉన్నదే చెప్పాను. చెప్పాక నోరు కడుక్కోవాలనిపించింది.

అక్క వెళ్ళిపోవాలని నాకు లేదు.

పదకొండో తేదీ, బుధవారం

అక్క మోకాలి కింద కమిలి ఉంది. "మంచం కోడు తగిలింది" అంది. ఆ మంచం ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉంది.

పాఠంలో మెకానిక్ అడిగాడు: స్కాటర్ అన్నా చెల్లాచెదురే, స్ట్రూ అన్నా చెల్లాచెదురే, మరి రెండెందుకు మేడమ్, మా బుర్ర తినడానికా అని.

"జనం మీదికి ఎద్దు వచ్చిందనుకో. జనం స్కాటర్ అవుతారు, స్ట్రూ అవ్వరు. పిట్టల మీద రాయి వేస్తే పిట్టలు స్కాటర్ అవుతాయి, తలో దిక్కూ పోతాయి. గింజలు చల్లితే అది స్ట్రూ. అవెక్కడికీ పోవు. పడ్డచోటే పడి ఉంటాయి. ఎవరైనా ఏరేస్తే తప్ప."

చివరి మాట అంటూ వంటింటి వైపు ముఖం తిప్పింది. నా గిన్నెల చప్పుడుకి విసుక్కుందనుకుని చప్పుడు తగ్గించాను.

పన్నెండో తేదీ, గురువారం

బొత్తాలన్నీ ఒక డబ్బాలో వేసి అటకెక్కించాను. సాయంత్రానికి కొత్తవి. నా పాత కోటు బొత్తాలు! కోటుకు ఒక్కటీ మిగల్లేదు. పళ్ళతో కొరికి తెంపినట్టుంది దారం.

నాకు భయంగా ఉంది. నిజంగా భయంగా ఉంది.

పద్నాలుగో తేదీ, శనివారం

మధ్యాహ్నమే వచ్చేశాను. తాళం చప్పుడు కాకుండా తీశాను. ఎందుకంటే అక్క పడుకుని ఉంటుందేమోనని.

అక్క హాలు మధ్యలో నిలబడి ఉంది. ఒక చెయ్యి ముందుకు చాచి. ముందుకూ పోదు, వెనక్కీ పోదు. ఒక కాలితో నేలంతా తడుముతోంది. నిన్న సాయంత్రం నేను ఏరేసినవి ఇవాళ ఇంకా పడేయలేదు కాబోలు, నేల బోడిగా ఉంది.

"ఎవరు?" అంది.

నేను మాట్లాడలేదు.

"ఎవరది?"

వెనక్కి జరిగి తలుపు మూసి, బయట కాసేపు నిలబడి, తాళంచెవి బాగా చప్పుడు చేస్తూ మళ్ళీ వచ్చాను. "నేనేనే" అన్నాను.

"నువ్వా" అంది. అప్పుడు కదిలింది.

పదిహేనో తేదీ, ఆదివారం

నిన్నటి గురించి రాయాల్సింది ఏమీ లేదు.

అక్క గదిలో కిటికీకి వెలుతురు బాగా వస్తుంది. కర్టెన్ పాతబడింది కదా అని టేపుతో కొలిచాను. కిటికీ కింద కుట్టుమిషను సరిగ్గా సరిపోతుంది. ఊరికే రాశాను. నా కాపురం ముగిసి ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ నా పడక హాల్లోనే. దానికి ఎవరినీ ఏమీ అనలేదు.

అక్క వెళ్ళిపోవాలని నాకు లేదు. ముందే రాశాను.

పదిహేడో తేదీ, మంగళవారం

అక్క చెయ్యి విరిగింది.

సాయంత్రం వచ్చీరాగానే మామూలుగా అన్నీ ఏరాను. బొత్తాలు, గోనె, మూత. అక్క తన గదిలో రేడియో వింటోంది. నేల మీద పడి ఉన్న మూత కదా అని తోమడానికి తీసుకెళ్ళాను. తోముతుంటే బాత్‌రూమ్ వైపు నుంచి చప్పుడు, తర్వాత అమ్మా అన్న కేక. పరిగెత్తాను. మెట్టు దిగేచోట పడి ఉంది, కుడి చెయ్యి ఒంటి కింద. నా చేతిలో సబ్బునురగతో మూత అలాగే ఉంది.

ఆస్పత్రిలో మణికట్టుకి కట్టు వేశారు. డాక్టర్ "ఇంట్లో మెట్టు ఉన్న సంగతి ఈవిడకు తెలియదా?" అన్నాడు. అక్క ఆటోలో ఒక్క మాట అంది.

"మూత లేదే."

మత్తు ఇంకా దిగలేదనుకున్నాను.

పంతొమ్మిదో తేదీ, గురువారం

సెలవు పెట్టాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున అక్కకు జడ వేస్తుంటే అడిగింది. మా ఇంట్లో మనిషి అడిగింది!

"మూత ఎక్కడ పెట్టావు?"

"ఏ మూత?"

"నాటకాలొద్దు. బాత్‌రూమ్ మెట్టు ముందు నేను బోర్లించే ఇత్తడి మూత. బొటనవేలికి చల్లగా తగిలితే ఆగాలి, అక్కడ మెట్టు. మంగళవారం పొద్దున పెట్టాను. రేడియో మోతలో నువ్వొచ్చి తీసింది నాకు తెలియలేదు. ఇంకా రాలేదు, ఇంకా రాలేదు అనుకుంటూ కాలు వేశాను."

దువ్వెన నా చేతిలో ఉండిపోయింది.

"బొత్తాలు?" అన్నాను.

"హాలు దాటడానికి. పెద్ద కోటు బొత్తం దగ్గర వంటింటికి తిరగాలి. గోనె ముక్క వస్తే పొయ్యి దగ్గరకొచ్చానని. ఇదివరకు టీపాయ్ ఉండేది, బెంచీ ఉండేది, చాప ఉండేది. పట్టుకుంటూ, తగులుకుంటూ పోయేదాన్ని. నువ్వన్నీ తీసేసి మైదానం చేశావు. గుడ్డిదాన్ని మైదానంలో వదిలితే ఎటు పోతుందే?"

"మరి ఆదివారాలు ఏమీ పెట్టవుగా!"

"నువ్వుంటే నీ చప్పుడు చాలు. నువ్వు ఒక్క క్షణం ఊరికే ఉండవు కదా. గిన్నెలు ఇటు, చీపురు అటు. నువ్వు గేటు వేశాక మోకాళ్ళ మీద కూర్చుని, గోడ పట్టుకుని ఒక్కొక్కటే పరుస్తాను. రోజూ పరుస్తాను, రోజూ ఏరేస్తావు."

"చెప్పొచ్చుగా!" అని అరిచాను.

"నువ్వు అడగొచ్చుగా!" అని అదీ అరిచింది.

ఇద్దరం కాసేపు అమ్మనే తిట్టుకున్నట్టు కూర్చున్నాం.

"చెప్పాను కూడాను" అంది మెల్లగా. "మెకానిక్‌కి ఒక్కసారి చెబితే ఎక్కుతుంది. అంత గొంతు పెట్టి చెప్పింది నీకోసమే. స్ట్రూ అంటే చిందరవందరే కాదు, కావాలని కూడా చల్లుతారు, మెట్లు తడిగా ఉంటే జారకుండా రంపపుపొట్టు చల్లరూ, అదీ స్ట్రూయే అని. వినలేదూ?"

"పాలు పొంగాయి."

అక్క నవ్వలేదు. "విన్నావనుకున్నాను. విని కూడా ఏరేస్తున్నావంటే, నేను ఇంట్లో ఉండలేనని తమ్ముడికి చూపించాలనుకుంటున్నావేమో అనుకున్నాను. నీకూ విసుగొచ్చింది కాబోలు, నోటితో అనలేక ఇలా చెబుతున్నావు కాబోలు అని ఊరుకున్నాను."

ఛీ, అవేం మాటలు అనాలి కదా. ఎవరైనా అంటారు. నోటి దాకా వచ్చింది. కానీ కిటికీ కొలిచాను. శనివారం అక్క "ఎవరు" అని రెండుసార్లు అడుగుతుంటే తలుపు దగ్గర నిలబడి చూశాను. చూపు లేనిదాని ముందు ఏదైనా దాచొచ్చు అనుకుని ఈ కాగితాల మీద రాసుకున్నదంతా, అది కళ్ళు లేకుండానే చదివేసింది.

అనలేదు. ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. అక్క ఎడమచెయ్యి నా వీపు మీద వేసింది, జడ సగమే వేశావు, కుదురుగా ఉండు అంది.

ఇరవయ్యో తేదీ, శుక్రవారం

తిరిగి తెచ్చుకుందామని పాతసామాన్ల కొట్టుకు వెళ్ళాను. నేనిచ్చిన టీపాయ్ అమ్మేశారట. బెంచీ కూడా.

ఇరవై ఒకటో తేదీ, శనివారం

కళ్ళకు తువ్వాలు కట్టుకుని హాల్లో నిలబడ్డాను. ఏముంది, మన ఇల్లే కదా అనుకున్నాను. మూడు అడుగులు వేసేసరికి గోడలన్నీ ఎక్కడికో పోయాయి. చెయ్యి దానంతటదే ముందుకు లేచింది. పోయిన శనివారం అక్క నిలబడ్డట్టే నిలబడ్డాను. అక్క గోడవారగా నా పడక మీద కూర్చుని, "భయంగా ఉందా? ఊఁ, ఉండు, కాస్త తెలియాలి" అంది.

తర్వాత అటక మీది డబ్బా దించి, అక్క చెబుతుంటే నేనే పరిచాను. నా జన్మలో మొదటిసారి నేల మీద వస్తువులు పడేశాను. చేతులు రాలేదు. రెండుసార్లు అలవాటుగా ఏరబోతే అక్క చెవితోనే పట్టేసింది. గుడ్డికన్ను మూసినా ఒకటే తెరిచినా ఒకటే గానీ, చెవి మాత్రం మూతపడదే అంది.

రేపు అన్నయ్య వస్తాడు. అక్క చేతికి ఇంత కట్టు. చూడగానే ఏమంటాడో తెలుసు. నేను ఏం చెప్పాలి? ఉండగలదని చెబితే, రేపు మళ్ళీ పడితే? ఈసారి నడుము విరిగితే? ఉండలేదంటే?

అడిగాను. అడగడం అలవాటు చేసుకుంటున్నాను. "ఏం చెప్పమంటావు?"

"పొమ్మంటే పోతాను. కానీ నువ్వు నోటితో అను. వస్తువులు ఏరేసి చెప్పకు."

ఇరవై రెండో తేదీ, ఆదివారం

అన్నయ్య వచ్చాడు. చెప్పులు విప్పి హాలు మధ్యకు వచ్చి, "అబ్బా!" అన్నాడు. బొత్తం మీద కాలు పడింది.

"ఇదేంటే, ఇల్లంతా చిందరవందర? నువ్వేనా ఈ ఇంట్లో ఉండేది?" అంటూ కూర్చున్నాడు. కట్టు చూశాడు. ముఖం మారిపోయింది. "ఇంకేం మాట్లాడొద్దు. బట్టలు సర్దండి. అక్కా, కోపం తెచ్చుకోకు. నీ మంచికే."

అక్క నా వైపు ముఖం తిప్పి కూర్చుంది. నేను ఊపిరి తీసే చప్పుడు కూడా దానికి వినపడుతోందని తెలుసు.

"మూత తీసింది నేను" అన్నాను.

"ఏ మూత?"

మొత్తం చెప్పాను. బొత్తాలు, గోనె, మెట్టు. "అక్కకి మతి తప్పలేదు. నీకు ఫోన్‌లో నేను చెప్పింది తప్పు. చెయ్యి విరిగింది నావల్ల." అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. "నాకు అలసటగా ఉంటుంది. విసుగు కూడా వస్తుంది. అక్క వెళ్ళిపోతే ఆ గది నాది అవుతుందని కూడా అనుకున్నాను. అయినా వెళ్ళొద్దు. అక్క ఉండగలదు."

అన్నయ్య బుర్ర గోక్కున్నాడు. వాడూ ఏమీ అడగలేదు, మా అమ్మ కొడుకే కదా.

అక్క లేచింది. "ఒరేయ్, అంత దూరం నుంచి వచ్చావు. మంచినీళ్ళైనా ఇవ్వలేదు ఇది" అని వంటింటి వైపు బయలుదేరింది. అన్నయ్య లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. అక్క పాదాలు నేల మీద జరుగుతున్నాయి. ఒక బొత్తం. ఇంకో బొత్తం. కట్టు వేసిన చెయ్యి గుండెకు ఆనించుకుని నింపాదిగా పోతోంది. 

హాలు మధ్యలో ఆగిపోయింది.

కాలితో ఇటు తడిమింది. అటు తడిమింది. ఎడమ చెయ్యి మెల్లగా ముందుకు లేచింది. సరిగ్గా వారం కిందటి శనివారంలాగే. మలుపు బొత్తం నిన్న నేనే పెట్టాను కదా, ఎక్కడికి పోతుంది? నేను తప్పు చోట పెట్టానా? ఇప్పుడు చూశావుగా అని అన్నయ్య అనకపోయినా ఆ మాట గదిలో ఉంది.

అప్పుడు అన్నయ్య చేతివైపు చూశాను. మాట్లాడుతున్నంతసేపూ వేళ్ళ మధ్య ఏదో తిప్పుతూనే ఉన్నాడు. పెద్ద కోటు బొత్తం. కాలికి గుచ్చుకుంటే తీశాడు. మాలో ఎవరైనా అంతే, నేల మీద ఏదైనా కనపడితే ఏరాల్సిందే.

ఈసారి ఊరుకోలేదు. "అక్కా, కదలకు. అన్నయ్య చేతిలో ఉంది."

వాడు పిడికిలి విప్పి చూసుకున్నాడు. అంత పెద్దమనిషి, బట్టతలా వాడూ, లేచి వెళ్ళి అక్క కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని, బొత్తాన్ని నేల మీద పెట్టాడు. టిక్ అని చప్పుడైంది.

"ఇంకాస్త ఎడమకి రా" అంది అక్క, నల్లబల్ల ముందు నిలబెట్టిన పిల్లాడికి చెప్పినట్టు.

జరిపాడు. అక్క పాదం వచ్చి బొత్తం మీద ఆగింది. తిరిగింది. గోనె ముక్క దాకా ఎక్కడా ఆగలేదు. కుండ మూత తీసిన చప్పుడు, గ్లాసు ముంచిన చప్పుడు. అన్నయ్య అక్కడే నేల మీద కూర్చుని ఉన్నాడు, లేవలేదు.

నీళ్ళు తాగాడు. పోయేటప్పుడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ నాతో అన్నాడు: "ఆ హోమ్‌లో నున్నటి టైల్స్ వేశారే. నేల మీద గుడ్డ పీలిక కూడా ఉండనివ్వరు. అదే గొప్పగా చూపించారు నాకు." రెండో చెప్పు వేసుకున్నాడు. "వద్దని ఫోన్ చేసేస్తాను. వచ్చే ఆదివారం నేనొచ్చి ఇక్కడుంటాను. నువ్వు ఎక్కడికైనా పోయి పడుకో."

నాకు విసుగని చెప్పినందుకు తిడతాడనుకున్నాను.

ఇప్పుడు అక్క ఎదురుగా కూర్చుని ఉంది. "దుప్పట్ల లెక్కా?" అంది.

"కాదు. నీ గురించి."

"మంచా, చెడా?"

"రెండూ."

"ఊఁ" అంది. ఇంకేమీ అడగలేదు. పాత అలవాటు అంత తొందరగా పోదు.

దీపం దగ్గర నుంచి చూస్తుంటే హాలంతా చిందరవందరగా ఉంది. చేతులు లాగుతున్నాయి. ఈ రోజు ఏమీ ఏరలేదు.